ఎడమ మెలిక

పోయిన వారం సవరమ్మను పందిరి రాట దగ్గర నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆ ముసలామె ఇంకా అక్కడే ఉంది.

మనవరాలు రమ్య తాంబూలాల రోజు. చాట్రాయికి ఇవతల మామిడి తోటలో పందిరి వేశారు. మధ్యాహ్నం పైబడుతుండగా గాలి లేచి, పందిరి మీది పట్టా ఒక మూల ఊడి పటపటా కొట్టుకుంది. మగపెళ్ళివారొచ్చి అరగంట కాలేదు. పెళ్ళికొడుకు తండ్రి నారాయణరావు తెల్లచొక్కా నలుగుతుందని కూడా చూడకుండా లేచి, తాడు గుంజి రాటకు బిగించి, చేతులు దులుపుకొని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. వియ్యంకుడంటే ఇలా ఉండాలని నలుగురూ మెచ్చుకున్నారు. సవరమ్మ మాత్రం ఆయన్ని చూడలేదు. ఆయన వేసిన ముడిని చూసింది. చూసి ఆ రాటను పట్టుకొని నిలబడిపోయింది.

ముడిలో ఏముందండీ అంటారా? మీకూ నాకూ ఏమీ లేదు. నావలదిబ్బ వాళ్ళకు అందులో మొత్తం వంశం ఉంది.

నావలదిబ్బ ఇప్పుడు లేదు. బందరుకు దిగువన, మడ చెట్లకూ సముద్రానికీ నడుమ ఇసుక మీద కూర్చున్న ఊరది. ఇంజన్లు రాని రోజుల్లో ఆ ఊరి బతుకంతా తెరచాపే. మగవాళ్ళు ఒక చాప ఎత్తుకొని సముద్రం మీదికి పోతే, ఆడవాళ్ళు తుమ్మచెక్క కాచిన నీళ్ళలో ఇంకో చాపను ముంచి దిబ్బ మీద ఆరేసేవారు. పిల్లలకు అక్షరాల కంటే ముందు గాలుల పేర్లు వచ్చేవి. మొగుడు పోయిన వైపు చూస్తూ ఆడది తల దువ్వుకోకూడదు. పడవ తిరిగొస్తే ‘వచ్చావా’ అని అడగకూడదు. వచ్చాడని సముద్రం వింటే మళ్ళీ పిలుస్తుందని భయం. అందుకని ఒడ్డున నిలబడి ‘గాలెటుంది?’ అని అడిగేవారు. సరంగు చుక్కాని వదలకుండా ‘ఇంటివైపే’ అనేవాడు. అప్పుడు గానీ పొయ్యి వెలిగేది కాదు.

అన్నిటికీ మించి, ఇంటింటికీ ఒక ముడి ఉండేది. చాప తాడు కొసన వేసే ముడి. తాడు తెగి ఎప్పుడో ఏ ఒడ్డుకో కొట్టుకొస్తే, ముడిని చూసి ఏ ఇంటి పడవో చెప్పేవారు. మగపిల్లాడు పుడితే మొలతాడుకు కూడా తండ్రి అదే ముడి వేసేవాడు. అదెందుకో ఎవరూ పైకి అనేవారు కాదు. సముద్రం మీద బతికేవాళ్ళకు వేరే చెప్పాలా?

సవరమ్మ మొగుడు పోలయ్య సరంగు. వాళ్ళ ఇంటి ముడి ఎడమ మెలిక. ఊళ్ళో అందరి ముళ్ళూ కుడికి తిరిగి బిగిస్తే, వీళ్ళది చివరి చుట్టు ఎడమకు తిరిగి లోపలికి దూరిపోయేది. దాన్ని చూసి నేర్చుకోవడం ఎవరి తరమూ కాలేదు. చేతి మీద చెయ్యి వేసి నేర్పాల్సిందే.

ఉప్పెన వచ్చిన నాడు సవరమ్మ రెండో కాన్పుకు పుట్టింట్లో ఉంది. అందుకే మిగిలింది. మూడేళ్ళ పెద్దకొడుకు లక్ష్మీనారాయణ, ఇంట్లో అందరికీ నారాయుడు, తండ్రిని వదిలి రానని మారాం చేస్తే నావలదిబ్బలోనే వదిలి వచ్చింది. నీళ్ళు తీశాక నిండు గర్భంతో ఆ బురదలో పడి నడిచి, కనబడిన ప్రతి పసివాడి మొలతాడూ తడిమి చూసింది. ఎడమ మెలిక ఎక్కడా దొరకలేదు. మొగుడి శవమూ దొరకలేదు. శవం లేని చావుకు వాళ్ళ ఊళ్ళో తెరచాప గుడ్డ కాల్చడం ఆనవాయితీ. పెద్దవాళ్ళు గుడ్డ చేతికిచ్చారు. కాల్చింది. గాజులు తీసేసింది.

ఆ తర్వాత ఒక మామిడి కాంట్రాక్టరు వచ్చి, తెరచాప కొయ్యలెక్కిన వాళ్ళకు చెట్లెక్కడం ఒక లెక్కా అని మిగిలినవాళ్ళను లారీలో ఎక్కించుకొచ్చాడు. వలలు అల్లిన చేతులు కాయలు కోసే చిక్కాలు అల్లాయి. ఈ ప్రాంతం వాళ్ళు ఆ గుడిసెలకు ఓడోళ్ళ పేట అని పేరు పెట్టారు. సముద్రాన్ని కళ్ళతో చూడని పిల్లలు కూడా అక్కడ గాలి మారితే తల తిప్పి చూస్తారు.

కడుపులో ఉన్నవాడు పోతురాజు. వాడికి ఎడమ మెలిక నేర్పింది తల్లే. ఆడది ఆ ముడి వెయ్యకూడదని తెలిసీ నేర్పింది. కాబట్టి ఈ భూమ్మీద ఆ ముడి వచ్చినవాళ్ళు ఇద్దరే ఉండాలి.

మరి ఈ మూడో చెయ్యి ఎక్కడిది?

సవరమ్మ కొడుకును చెట్ల చాటుకు పిలిచింది. పోతురాజు భుజం మీద కొత్త కండువాతో, మొహం నిండా హడావుడితో వచ్చాడు.

“ఏంటమ్మా? పంతులుగారు తొందర పెడుతున్నారు. వాన పడేలా ఉంది, ఈలోపే తాంబూలాలు మార్చుకోవాలంట.”

“ఆ తాడు చూసొచ్చావా?”

“ఏ తాడు?”

“మీ వియ్యంకుడు కట్టింది. వెళ్ళి చూసిరా.”

పోతురాజు విసుక్కుంటూ వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ విసుగు లేదు. కండువాతో మెడ తుడుచుకున్నాడు.

“ఎవరో కడుతుంటే చూసుంటాడులే” అన్నాడు చివరికి.

“చూస్తే వచ్చేదా అది? నీకెన్నాళ్ళు పట్టింది? చెయ్యి పట్టుకుని నేర్పితే కదా వచ్చింది.”

“అయితే ఏమంటావమ్మా?”

“పేరు నారాయణరావు. వయసు చూడు. నీకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. ఇందాక నీళ్ళు తాగుతుంటే చూశా, గొంతులో కదిలే ఆ ఎముక అచ్చం మీ నాన్నదే.” సవరమ్మ కొడుకు కండువా పట్టుకుంది. “వాడు నీ అన్నరా, పోతురాజూ. నా నారాయుడు.”

పోతురాజు పందిరి వైపు చూశాడు. లేత ఆకుపచ్చ చీరలో రమ్య ఎవరితోనో నవ్వుతోంది. పక్కనే పెళ్ళికొడుకు సంతోష్ కుమార్ ఫోను పట్టుకొని ఆమెను ఫోటోలు తీస్తున్నాడు. ఇద్దరూ నూజివీడులో ఒకే ప్యాకింగ్ షెడ్డులో పనిచేస్తారు. ఈ సంబంధం కోసం ఆ పిల్ల ఇంట్లో ఏడాది పాటు పోరు పెట్టింది. తిండి మానింది, మాట మానింది, చివరికి తండ్రిని ఒప్పించింది.

నారాయణరావు తన అన్నయితే వాళ్ళిద్దరూ అన్నదమ్ముల పిల్లలు. అంటే అన్నాచెల్లెళ్ళు. ఆ ముక్క పైకి అనడానికి పోతురాజుకు నోరు రాలేదు. అనకపోయినా సవరమ్మకు వినబడింది.

“అమ్మా” అన్నాడు మెల్లగా. “ఒక ముడి చూసి ఇంతమంది ముందు ఏం మాట్లాడతావు? నీకు కొడుకు దొరికాడని నా కూతురి గొంతు కోస్తావా?”

ఆ మాట ముల్లులా దిగింది. దిగినా తప్పులేదు, వాడు కూతురి తండ్రి. సవరమ్మ స్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. వీడు నా నారాయుడు కావాలి అని గుండెలో ఒక గొంతు అరుస్తోంది. కాకూడదు భగవంతుడా, ఈ పూటకి కాకూడదు అని ఇంకో గొంతు మొక్కుకుంటోంది. రెండూ ఆమె గొంతులే. కన్నకొడుకు బతికి ఉండకూడదని కోరుకునే ఘడియ పగవాళ్ళకు కూడా రాకూడదు.

“అడుగుతాను” అంది. “అడక్కుండా ఉండలేను. ఊరికే అడుగుతానురా. రమ్య మీద ఒట్టు, ఇంకేం అనను.”

నారాయణరావు ఆమె రావడం చూసి లేచి తన కుర్చీ ఇచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. మైలవరం వైపు తోటలు కౌలుకు చేస్తాడు.

“కూర్చోండి అత్తయ్యగారూ. అలా నిలబడ్డారేంటి?”

అత్తయ్యగారు. పిల్లనిచ్చే ఇంటి పెద్దావిడని ఏ వియ్యంకుడైనా అలాగే పిలుస్తాడు. సవరమ్మ ఆ పిలుపు దిగమింగుకుంది.

“పందిరి భలే కట్టావు బాబూ. ఆ ముడి మా పేటలో కూడా కడతారు. నీకెక్కడ పట్టుబడింది?”

“అదా అండీ?” నారాయణరావు నవ్వాడు. “మా నాన్న నేర్పాడు. కాయల బుట్ట చెట్టు మీంచి దించేటప్పుడు జారకుండా ఇదే వేస్తాం. మా కూలీలకి ఎంత చెప్పినా రాదు. నాకూ ఊరికే రాలేదు లెండి. వెనకాల నిలబడి, నా చేతి మీద చెయ్యి వేసి నేర్పేవాడు.”

సవరమ్మ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంతసేపూ ఆమె బుర్రకు తట్టని సంగతి ఇప్పుడు తట్టింది. మూడేళ్ళ పసివాడు ముడి ఎలా నేర్చుకుంటాడు? వాడితో పాటు, నేర్పగలిగినవాడు కూడా బతకాలి కదా!

“మీ నాన్నది ఏ ఊరు?” అడిగింది.

“ఊరంటూ చెప్పడండీ. నాకు ఊహ తెలిసేటప్పటికే మైలవరం అవతల మామిడి తోటలో కాపలా ఉండేవాళ్ళం. తోటోళ్ళు, తోటోళ్ళు అని పిలిచి పిలిచి జనమే మాకు తోట అని ఇంటిపేరు పెట్టారు. అమ్మ నా చిన్నప్పుడే జ్వరంతో పోయిందంట. ఇంకో పెళ్ళి చేసుకోలేదు మా నాన్న. చిత్రమైన మనిషి లెండి. బళ్ళో పిల్లలందర్నీ బందరు సముద్రానికి తీసుకెళ్తామంటే నన్నొక్కడినే పంపలేదు. రెండ్రోజులు ఏడ్చాను.”

“జ్వరంతోనా?” అంది సవరమ్మ. జ్వరంతో పోయిన ఆ అమ్మ ఎవరో ఆమెకు అర్థమైంది. గాజులు లేని తన చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

పోతురాజు వెనక నిలబడి వింటున్నాడు. తల్లి మొహం చూసి భయపడి, “అమ్మా, పద లోపలికి” అన్నాడు. ఆమె వినలేదు.

“మీ నాన్న ఎప్పుడు పోయాడు బాబూ?”

నారాయణరావు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత నవ్వేశాడు.

“పోవడమేంటి అత్తయ్యగారూ, శుభమా అని! అదిగో, కారులో ఉన్నాడు. మోకాళ్ళు పట్టేసి ఎక్కడికీ రాడు. మనవడి తాంబూలాలని బతిమాలి తీసుకొచ్చాం. ముహూర్తం టైముకి దింపుదామని ఏసీ వేసి కూర్చోబెట్టాం.”

తోట గేటు దగ్గర తెల్లకారు ఉంది. అద్దాలు ఎక్కించి ఉన్నాయి. ఇంజను గుర్రుమంటోంది.

పంతులుగారు నారాయణరావును కేకేశారు. వియ్యంకులిద్దరూ వచ్చి పీటల మీద కూర్చోవాలట. పోతురాజు కదలకుండా నిలబడితే నారాయణరావే “రండి బావగారూ” అని చెయ్యి పట్టుకొని తీసుకుపోయాడు. ఆ పట్టుకున్న రెండు చేతులనూ సవరమ్మ పందిరి దాకా చూసింది. ఆ తర్వాత గేటు వైపు నడిచింది.

దారిలో రసం కాయలు రాలి పడి ఉన్నాయి. గాలికి ఇంకా రాలుతూనే ఉన్నాయి. వేరే రోజైతే ఆ కాయలు తొక్కకుండా ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకునేది. ఈ రోజు తొక్కుకుంటూ పోయింది.

డ్రైవరు బీడీకి పోయాడు. వెనక సీట్లో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల జుట్టు, తెల్ల చొక్కా, ఒళ్ళో చేతికర్ర. ఇరవై ఆరేళ్ళ సరంగును వెతుక్కుంటూ వచ్చిన కంటికి ఆ మొహంలో ఏమీ ఆనలేదు. దవడలు లోపలికి పోయాయి, కళ్ళ మీద పొర ఉంది. ఎవరో పరాయి ముసలాయన. సవరమ్మకు ఒక్కసారి ప్రాణం తేలికపడింది. పిచ్చిదాన్ని, ముడి చూసి వెర్రెత్తిపోయాను అనుకుంది. వెనక్కి తిరిగేదే. కానీ అద్దం మీద వేళ్ళతో కొట్టింది.

అద్దం కిందికి దిగింది. చల్లగాలి మొహానికి కొట్టింది.

“ఎవరమ్మా?” అన్నాడు ముసలాయన.

సవరమ్మ కిటికీ మీదికి వంగింది. అడిగింది.

“గాలెటుంది?”

ముసలాయన పెదాలు కదిలాయి, ఆగాయి. చేతికర్ర ఒళ్ళోంచి జారి కాళ్ళ దగ్గర పడింది. తీసుకోలేదు.

“ఇంటివైపే” అన్నాడు.

అన్ని ఏళ్ళుగా గడ్డకట్టిన ఏడుపు సవరమ్మకు ఇప్పుడు రావాలి. రాలేదు. కోపం వచ్చింది. అరికాలి నుంచి నడినెత్తికి ఎక్కిన కోపం.

“ఇంటివైపా? ఏ ఇల్లయ్యా నీది? నీ చాప గుడ్డ నా చేత్తో కాల్చాను. నేను జ్వరంతో పోయానంట కదా! ఇక్కడే, పట్టుమని గంట ప్రయాణం లేని చోట కూర్చుని నన్ను చంపేశావా?”

“సవరం...”

ఆ పిలుపు వినగానే కారు తలుపు పట్టుకుంది. ఆ పేరుతో పిలిచేవాడు ఒక్కడే ఉండేవాడు.

“తిట్టు. ఎంతైనా తిట్టు” అన్నాడు పోలయ్య. “నువ్వు ఇక్కడ ఎందుకున్నావు? ఈ తాంబూలాలు ఎవరివి?”

“అదీ తెలియకుండా వచ్చావా?”

“చాట్రాయి తోటల వాళ్ళ పిల్ల అన్నారు. అంతే తెలుసు.”

“ఆ పిల్ల నీ మనవరాలు” అంది సవరమ్మ. “నా కడుపులో వదిలిపెట్టి పోయావే, వాడి కూతురు. అక్కడ పీట మీద నీ కొడుకులిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, అన్నదమ్ములని తెలియకుండా వియ్యంకులవడానికి. పంతులుగారు సంచి విప్పుతున్నారు. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావు? నోరు మూసుకుంటే పాపం. నోరు విప్పితే ఆ పిల్ల ఏమైపోతుందో నాకు తెలియదు.”

పోలయ్య పందిరి వైపు చూశాడు. పొర కమ్మిన కళ్ళకు రంగులు తప్ప ఏమీ కనబడి ఉండవు. లేత ఆకుపచ్చ రంగొకటి అటూ ఇటూ కదులుతోంది. అటే చూస్తూ ఉండిపోయాడు.

“వాడు మనోడు కాదు, సవరం” అన్నాడు.

“ఏంటీ?”

“నారాయణరావు. వాడు మన నారాయుడు కాదు. మనోడు నా భుజం మీంచే పోయాడు. పట్టుకోలేకపోయా. ఏ మొహం పెట్టుకుని నీ దగ్గరికి రాను? తెల్లారాక చూస్తే తాటిమట్టల్లో ఇరుక్కుని ఒక పిల్లాడు ఏడుస్తున్నాడు. ఎవరి బిడ్డో, ఏ ఊరో. దింపి ఎత్తుకున్నాను. మనోడి పేరు పెట్టుకున్నాను. మనోడికి నేర్పాల్సిన ముడి వాడికి నేర్పాను.” ఆయాసపడి ఆగాడు. “వాడికి మన రక్తం లేదు. పెళ్ళి చేసుకోనియ్యి. ఏ దోషమూ లేదు.”

సవరమ్మ తల కారు తలుపు అంచుకు ఆనించింది. పోయాడు. ఇందాక ఒక గంట సేపు బతికి, కుర్చీ ఇచ్చి, అత్తయ్యగారూ అని పిలిచిన తన కొడుకు మళ్ళీ పోయాడు. అయితే రమ్య బతికింది. ఆ పిల్ల తలవంచుకుని తాంబూలం పుచ్చుకుంటుంది. ఆమె మొక్కుకున్నదే జరిగింది కదా, మరి ఈ కడుపుకోత ఏంటి? ఎప్పుడో రావాల్సిన ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆ కన్నీళ్ళ మధ్యే, సరే, అలాగే కానీ, పిల్లలు సుఖంగా ఉంటే చాలు అనుకుంది.

“నాయనమ్మా!”

రమ్య చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని గబగబా వస్తోంది. చినుకులు మొదలయ్యాయి.

“పంతులుగారు నిన్నూ తాతగారినీ పిలుస్తున్నారు. పెద్దవాళ్ళు ఊఁ అంటే తాంబూలాలు మార్చేస్తారంట. నాన్నేమో నువ్వొచ్చి చెప్పేదాకా పళ్ళెం ముట్టనని కూర్చున్నాడు. ఏమైంది నాయనమ్మా? ఏడుస్తున్నావేంటి?”

“ఏం లేదమ్మా” అని కళ్ళు తుడుచుకుని, పెద్దాయనను దింపుదామని సవరమ్మ తలుపు తీసింది.

నావలదిబ్బలో ఆ పాత రోజుల్లో, గాలి బాగోలేదని ఊరంతా పడవలు కట్టేసిన పొద్దున కూడా పోలయ్య చాప ఎత్తేవాడు. గుమ్మంలో అడ్డం పడితే, ‘సముద్రం పాలగిన్నెలా ఉందే’ అని నవ్వుతూ చెప్పేవాడు. నోరు అలా చెబుతుంటే కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద తిరిగేది, లేని తాడును పేనుతున్నట్టు. అది తిరిగిందంటే ఆ మాట అబద్ధమని సవరమ్మకు తెలుసు. ఆయనకే తెలియదు. ఆమె ఎన్నడూ చెప్పలేదు. తెలిసీ నవ్వి పంపేది.

“ముసలిదాన్ని భయపెట్టకండి తాతగారూ” అని రమ్య నవ్వుతూ వంగి చేతికర్ర తీసిచ్చింది. “మీరు ఊఁ అనండి చాలు.”

“నాదేముందమ్మా” అన్నాడు పోలయ్య, సవరమ్మ కళ్ళలోకి చూస్తూ. “ఏ అడ్డూ లేదని మీ నాయనమ్మకి చెప్పాను. ఒట్టేసి చెబుతున్నాను.”

సవరమ్మ ఆయన మొహం చూడలేదు. చెయ్యి చూసింది.

కర్ర అందుకోవాల్సిన కుడిచెయ్యి తొడ మీదే ఉంది. ముడతలు పడిన బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా తిరుగుతోంది. ఎడమకు, ఎడమకు, ఎడమకు.

“నాయనమ్మా” అంది రమ్య. “నాన్న నీకోసమే చూస్తున్నాడు. ఏమని చెప్పను?”